సకుటుంబముగ చూడదగినది



సినిమా చూచి యింటికి వచ్చిన పిదప దానిని గుఱించి నాలుగు మాటలైన ననని గృహిణి మనలో నుండదు. వంటయింటనో, బావికడనో, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అరుగుమీదనో ఆ మాటలు పుట్టుచునే యుండును. వానిని అచ్చు వేసినవారు లేరు. అచ్చుపడినవి పత్రికా విమర్శకుల మాటలు మాత్రమే. గడచిన ఎనుబది తొంబది యేండ్లలో మన తెలుగు చిత్రములను గుఱించి పత్రికలు చెప్పిన తీర్పులలో నిలిచినవి కొన్ని, నిలువనివి కొన్ని. ఆ తీర్పులు మన యిండ్లలోనికి వచ్చి యేమి పని చేసినవి, వారి కంటికి ఆనని దేమి, మన కంటికి ఆనిన దేమి యను సంగతిని నేడు ముచ్చటింపదలచితిని.

మాది హసన్‌పర్తి. హనుమకొండనుండి కరీంనగరు పోవు బాటమీద అయిదాఱు మైళ్ల దూరమున నున్నది. ఇప్పుడు వరంగల్లు మహానగరములో గలిసిపోయి, చుట్టును ఇంజనీరింగు కళాశాలలతో పట్టణమువలె నున్నది గాని, మా నాయనమ్మ కాపురమునకు వచ్చిననాటికి మగ్గముల చప్పుడు వినవచ్చు పల్లె. ఎఱ్ఱగట్టు గుట్ట జాతర యొక్కటియే ఆడువారికి ఏటేట వచ్చు వినోదము. సినిమా చూడవలెనన్న హనుమకొండకో ఓరుగల్లునకో పోవలెను. దానికి బండి కావలెను, డబ్బు కావలెను. అన్నిటికంటె ముందు ఇంటి పెద్ద అనుమతి కావలెను.

మా తాతగారు చదువుకొన్నవారు. పత్రిక తెప్పించుచుండిరి. అది తపాలాలో ఒకటి రెండు దినములు ఆలస్యముగ వచ్చెడిది. చిత్రసమీక్ష యున్న నాడు దానిని అరుగుమీద కూర్చుండి బిగ్గఱగా చదివెడివారట. తలుపుచాటున మా నాయనమ్మయు ఆమె యారాలును (తోడికోడలిని మా వైపు యారాలందుము) చెవియొగ్గి నిలిచెడివారు. కథ యేమి, ఛాయాగ్రహణ మెట్లున్నది, శబ్దగ్రహణ మెట్లున్నది అను సంగతులతో వారికి పనిలేదు. చివర నొక మాట యున్నదా లేదా యనియే వారి యారాటము. ఆ మాట మీరందఱు ఎఱిగినదే: "సకుటుంబముగ చూడదగినది." అది యున్నచో బండి కట్టబడును. లేనిచో పత్రిక మడతపడును, సంగతి యంతటితో సరి. మదరాసులో నెవ్వరో విమర్శకుడు కాఫీ త్రాగుచు వ్రాసిన యొక్క వాక్యము హసన్‌పర్తిలో నిద్దఱు కోడండ్రకు సెలవుచీటి యగుచుండెను. వ్రాసినవానికి ఈ సంగతి కలలోనైన తోచి యుండదు.

పురాణ చిత్రములకు ఈ చీటి యక్కఱలేకపోయెను. 1963 మార్చిలో 'లవకుశ' వచ్చినపుడు పత్రికలో నేమి వ్రాసిరో చదువువఱకు మా తాతగారు ఆగలేదు. తెలుగున పూర్తిగ రంగులలో వెలువడిన మొదటి చిత్రమది. పల్లెలకు పల్లెలు బండ్లు కట్టుకొని పట్టణములకు పోయి చూచివచ్చిన సంగతి పెద్దలందఱు చెప్పుదురు. మా యింటివారు మూడుమారులు చూచిరి. ఇచట నాకొక సందేహము కలుగుచుండును. నిండుచూలాలిని అడవికి పంపిన కథ సకుటుంబముగ చూడదగిన దయినది. భర్త పోయిన పడుచునకు మరల పెండ్లి చేసిన కథ మాత్రము చాల యిండ్లకు తగనిది. 1939లో 'మళ్లీ పెళ్లి', 1940లో బి. ఎన్. రెడ్డిగారి 'సుమంగళి' యీ విషయముమీదనే వచ్చినవి. వానిని జూచిన ముత్తైదువలు తక్కువ. విధవలు మఱియు తక్కువ.

అట్లని నాటి విమర్శకులు ఛాందసులని నేననను. ఆ కాలపు తెలుగు పత్రికలు చాలవఱకు జాతీయోద్యమములో పుట్టి పెరిగినవి. చిత్రము చూచినపుడు వారి మొదటి ప్రశ్న, ఇది దేశమునకు మేలు చేయునా యని. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' తీసిరి. కథ చలముగారిది. హరిజనుల దేవాలయ ప్రవేశము, హరిజన బాలికకును బ్రాహ్మణ యువకునకును ప్రణయము అందలి విషయములు. మరుసటి యేట అదే దర్శకుని 'రైతుబిడ్డ' వచ్చినది. జమీందారులు దానిమీద కత్తికట్టిరి. ఆ యేడే కాళ్లకూరి నారాయణరావుగారి నాటకము 'వరవిక్రయము' తెఱకెక్కినది. భానుమతిగారు తొలిసారి కనబడిన చిత్రమది. రామబ్రహ్మముగారు తామే 'ప్రజామిత్ర' పత్రికను నడపినవారగుటచే పత్రికవారి మనసు ఆయనకు తెలియును. ఇట్టి చిత్రములను మెచ్చుకొనుటకు విమర్శకులు వెనుదీయలేదు. అయితే వారు మెచ్చినది ఉద్దేశమును. 'మాలపిల్ల' చూచిన స్త్రీలు ఉద్దేశముతోపాటు కాంచనమాల రవికను, ఆమె నడకను, ఆమె తల యెత్తి మాటలాడు తీరును జూచిరి. మాలపల్లెలో పుట్టిన పిల్ల అంత అందముగను అంత ధైర్యముగను ఉండవచ్చునని తెఱమీద కనబడుటయే నాటికి పెద్దసంగతి. దానిని సమీక్షకులు సంస్కరణ యందురు. ఆడువారు ఆశ యందురు.

తరువాతి తరమున విమర్శ వ్రాసినవారిలో ఇద్దఱి పేర్లు తప్పక చెప్పవలెను. కొడవటిగంటి కుటుంబరావుగారు సినిమాను సాహిత్యముతో సమానముగ బట్టించుకొని వ్రాసినవారు. చిత్రము బాగున్నది బాగులేదని చెప్పి యూరకుండక, ఎందుకు బాగులేదో చదువరికి తెలియజెప్పుట ఆయన పద్ధతి. ముళ్లపూడి వెంకటరమణగారు 1950 తరువాతి యేండ్లలో ఆంధ్రపత్రికయందు సమీక్షలు వ్రాసిరి. నవ్వించుచునే వాత పెట్టుట ఆయన నేర్పు. వీరిద్దఱి చిత్రవ్యాసములును ఇప్పుడు సంపుటములుగ దొరకుచున్నవి. ఇంటిలో చదువుకొను కోడలు గాని కూతురు గాని యున్నచో తెప్పించి యిండు. నవలకంటె రుచిగ నుండును. ఆ దినములలో బొంబాయినుండి వెలువడిన 'ఫిల్మిండియా'కు బాబూరావు పటేలు సంపాదకుడు. ఆయన కలమనిన నిర్మాతలకు హడలు. నెల్లూరి 'జమీన్ రైతు' వంటి వారపత్రికలును సమీక్షలను ప్రకటించుచుండెను.

ఇంకొక సంగతి దాచుట తగదు. సినిమాకును పత్రికకును నడుమ గోడ మన తెలుగునాట నెప్పుడును పలుచనిదే. విజయా వారి నాగిరెడ్డి చక్రపాణులు చిత్రములు తీసినవారు, 1947 జూలైలో 'చందమామ'ను స్థాపించినవారును. కుటుంబరావుగారు 1952 నుండి 1980లో మరణించువఱకు ఆ చందమామలోనే పనిచేసిరి. 1966లో వెలువడిన 'విజయచిత్ర' కూడ ఆ నిర్మాతలదే. అందులో అందమైన బొమ్మలు దొరకెడివి గాని కఠినమైన విమర్శకు చోటు లేదు. రమణగారు విమర్శ మాని 1962లో 'రక్తసంబంధము'నకు మాటలు వ్రాసి యావలి గట్టునకు చేరిరి. దాసరి నారాయణరావుగారు దర్శకులై యుండి 1984లో 'ఉదయము' దినపత్రికను స్థాపించిరి. ఇందు తప్పు పట్టుట నా యుద్దేశము గాదు. ఒక యూరిలో వడ్డించువాడును తినువాడును రుచి చెప్పువాడును బంధువులైనపుడు, ఉప్పు తక్కువయిన సంగతి కొంచెము మెల్లగ చెప్పబడును. చదువరి దానిని ఎఱిగి చదువవలెను.

ఇక వారి తీర్పులు కాలమునకు ఎట్లు నిలిచినవో చూతము. 1951వ సంవత్సరమున రెండు గొప్ప చిత్రములు వచ్చినవి: మార్చిలో 'పాతాళభైరవి', డిసెంబరులో 'మల్లీశ్వరి'. మొదటిది మాంత్రికుని కథ, తోటరాముని సాహసము. రెండవది కృష్ణదేవరాయలనాటి ప్రణయగాథ, కృష్ణశాస్త్రిగారు సినిమాకు తొలిసారి పాటలు కూర్చినది. పండితులైన విమర్శకుల మనసు మల్లీశ్వరికి పోయినది. జనము పాతాళభైరవికి పోయిరి. ఎవరు సరి? ఇద్దఱు సరియే యని నేడు తేలినది. పాతాళభైరవిని 1952లో మనదేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శించిరి. మల్లీశ్వరి చైనాదేశమునకు పోయినది. ఆడినన్ని దినములు లెక్కించిన వారును, కళను తూచిన వారును ఒకరినొకరు ఆడిపోసికొనుటకు కారణమే లేకపోయెను.

మల్లీశ్వరిని గుఱించి మా నాయనమ్మ యభిప్రాయము మాత్రము ఏ పత్రికలోను రాలేదు. రాణివాసపు పల్లకి ఇంటిముందు నిలిచినపుడు మల్లి తల్లి ముఖమును ఆమె చూచినది. బావ బీదవాడని త్రోసివైచిన తల్లి, కూతురు తిరిగిరాని నగరికి పోవుచున్నను సంపదను జూచి మురిసినది. విమర్శకులు శిల్పమును, సంగీతమును పొగడిరి. ఆమె "గొప్పింటికి ఇచ్చుడంటే గిదే బిడ్డా, పల్లకి వస్తది, పిల్ల మల్లరాదు" అని యొక్క వాక్యములో తేల్చినది.

1957 నాటి ముచ్చట ఇంతకంటె చిత్రమైనది. ఆ యేడు తెలుగు చిత్రములలో నుత్తమమని జాతీయ బహుమానము పొందినది బి. ఎన్. రెడ్డిగారి 'భాగ్యరేఖ'. శరత్‌బాబు కథను ఆధారముగ గొని ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన 'తోడికోడళ్లు' చిత్రమునకు యోగ్యతాపత్రము దొరకినది. ఆ యేడే మార్చి 27వ తేదీన కె. వి. రెడ్డిగారి 'మాయాబజార్' విడుదలయినది. దానికి ఆ జాబితాలో చోటు లేదు. ఏబదియాఱేండ్లు గడచినవి. 2013లో భారతీయ సినిమాకు నూఱేండ్లు నిండిన సందర్భమున ఒక జాతీయ టెలివిజను సంస్థ ప్రేక్షకులను అడిగినపుడు, దేశమంతటిలో మిన్నయైన చిత్రముగ మాయాబజార్ ముందు నిలిచినది. భాగ్యరేఖ పేరు నేటి పిల్లలకు తెలియదు. న్యాయనిర్ణేతలు బుద్ధిహీనులా? కాదు. సాంఘిక చిత్రమే గంభీరమైనది, పురాణము పాతది, మాయలు పిల్లల వినోదమునకు అని ఆ కాలపు చదువుకొన్నవారికి గట్టి నమ్మకము. ఆ నమ్మకము కండ్లద్దమువలె ముక్కుమీద నుండగా లడ్డూలు మాయమగుట కనబడినది గాని, కథలోని యింటి గుట్టు కనబడలేదు.

ఆ గుట్టు ఏమనగా, మాయాబజార్ మాయల కథ గాదు, మేనరికపు కథ. చెల్లెలి కొడుకునకు పిల్లనిత్తునని అన్న మాట యిచ్చినాడు. చెల్లెలి మగనికి రాజ్యము పోయినది. వదినె రేవతి ముఖము మాఱినది. కలవారి సంబంధము వచ్చినది. మాట మఱుగున పడినది. ఇందులో ద్వాపరయుగ మెక్కడ నున్నది? మా వాడలో ఏ నాలుగిండ్లు వెదకినను దొరకును. ఋష్యేంద్రమణి సుభద్రగ వచ్చి పుట్టింట అవమానపడి కొడుకును వెంటబెట్టుకొని తిరిగిపోవు ఘట్టమున హనుమకొండ హాలులో ఆడువారి వైపునుండి ముక్కు చీదిన చప్పుడు వినబడినదని మా నాయనమ్మ చెప్పెడిది. ఛాయాదేవి రేవతిని జూచి, "గీ రేవతమ్మ మన ఇంట్ల గూడ ఉన్నది" అని యారాలి చెవిలో నూదినదట. ఎవరిని గుఱించి యన్నదో నేనిచట వ్రాయను.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాను. 1953లో 'దేవదాసు' వచ్చినది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వము. అప్పటివఱకు జానపద చిత్రములలో రాకుమారుడుగ పేరొందిన అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ పాత్రకు తగునా యని శంకించినవారు చాలమంది. చిత్రము చూచిన పిమ్మట ఆ శంక తీరిపోయినది. నటనను మెచ్చని పత్రిక లేదు. సుబ్బరామన్ సంగీతమును, ఘంటసాల గళమును మెచ్చని పత్రిక లేదు. పొగడ్త యింత యున్నను, మా తాతగారు వెదకిన మాట మాత్రము సమీక్షలో లేకపోయెను. త్రాగుబోతు కథ, అందులో వేశ్య యున్నది. ఇది ఆడువారికి గాదు అని ఆయన పత్రిక మడచిరి. తాను మాత్రము మిత్రులతో పోయి రెండుమారులు చూచి వచ్చిరి. ఇంటిలో పాటలు పాడుకొనుటకు అభ్యంతరము లేదు. మా నాయనమ్మకు ఆ పాట లన్నియు వచ్చును. చిత్రము మాత్రము రాదు. ముప్పది యేండ్లకు పైగ ఆమె దేవదాసును చెవులతో మాత్రమే ఎఱుగును.

1977లో హైదరాబాదున దూరదర్శను మొదలయినది. మా యింటికి టెలివిజను పెట్టె వచ్చుట కొంత తరువాత. ఒక సాయంకాలము దానిలో దేవదాసు వేసిరి. తాతగారు అప్పటికి లేరు. ఇంటినిండ పిల్లలము, చుట్టుప్రక్కల వారు. నాయనమ్మ పీటవేసికొని దగ్గఱగా కూర్చుండినది. అందఱు దేవదాసును జూచి కంట తడి పెట్టుచుండగా ఆమె పెట్టలేదు. కడపట దేవదాసు ఆ పెద్ద యింటి వాకిట కూలినపుడును పెట్టలేదు. చిత్రము ముగిసిన పిమ్మట నేను "ఎట్లున్నదే నాయినమ్మా?" అని యడిగితిని. ఆమె చెప్పిన మాట నాకు అక్షరాల జ్ఞాపకమున్నది.

"తాగినోని దుఃఖం పేపర్లన్ని రాసినయి. గంతమంది పెద్ద పిల్లలకు తల్లయి, ఆ పొల్ల ఆ ఇల్లు ఎట్ల ఎల్లదీసిందో ఒక్కడన్న రాసిండా బిడ్డా?"

నేను తెల్లబోతిని. ఆనాటినుండి పాత సమీక్షలు ఎచ్చట దొరికినను ఈ మాట మనసునం దుంచుకొని చదువుట నాకు అలవాటయినది. నాయనమ్మ చెప్పినది తప్పు గాదు. సావిత్రి పార్వతిగ బాగుగ నటించినదని యొక వాక్యము దొరకును. దేవదాసు పతనమునకు రెండు పేరాలు దొరకును. ముసలి జమీందారును పెండ్లాడి, తన యీడు సంతానమునకు తల్లియై, ఒక్కమాట తూలక ఆ సంసారమును నిలిపిన పడుచు మనసులో నేమున్నదో విచారించిన వాక్యమునకై ఎంతయో వెదకవలెను. నలుబది యేండ్ల నాటికి ఏ యింటనైన అట్టి రెండవ పెండ్లి యిల్లాలు కనబడెడిది. చదువరులలోనే యుండెడిది. ఆమెకు తన కథ తెఱమీద చూచుట కూడ తగదని చెప్పినది ఆ సెలవుచీటి.

తరువాతి కాలమున స్త్రీలే కథలు వ్రాసిరి. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణము' నవల 'డాక్టర్ చక్రవర్తి'యై 1964లో వచ్చి, రాష్ట్రప్రభుత్వము నెలకొల్పిన నంది బహుమానములలో మొదటి యేటి ఉత్తమచిత్ర మయినది. యద్దనపూడి సులోచనారాణిగారి నవలలు 'మీనా', 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' వరుసగ తెఱకెక్కినవి. రంగనాయకమ్మగారి 'బలిపీఠం' 1975లో వచ్చినది. వీని నవలారూపమును వారము వారము కాచుకొని చదివిన స్త్రీలే హాళ్లు నింపిరి. విమర్శకులు వీనికి "ఆడువారి సినిమా" యని పేరు పెట్టి, కన్నీటి లెక్క చెప్పి ముగించుట పరిపాటి యయినది. కత్తియుద్ధముల చిత్రమునకు మగవారి సినిమా యని పేరు పెట్టినవారు లేరు. వీనిలో బలహీనమైనవి లేవని నేననను; కారు దిగు నాయకుని జూచి నేనును విసిగితిని. కాని పెండ్లికి ముందు ఉద్యోగము చేయు పిల్ల మర్యాద యెట్లు నిలుపుకొనవలెను, భార్యభర్తల నడుమ పుట్టిన పెద్ద కుల భేదము ఎట్లు సర్దుకొనును అను ప్రశ్నలు ఆ చిత్రములలో నుండినవి. సమీక్షలలో మాత్రము లేకపోయినవి.

అప్పుడప్పుడు ఇంటి తీర్పును పత్రిక తీర్పును ఏకమగును. 1980 ఫిబ్రవరిలో కె. విశ్వనాథుగారి 'శంకరాభరణము' వచ్చినది. నడివయసు దాటిన సంగీతవిద్వాంసుడు నాయకుడు. పేరుపొందిన తారలు లేరు. మొదటి దినములలో హాళ్లు బోసిగ నుండెను. చూచినవారు చూడనివారికి చెప్పిరి, పత్రికలును చెప్పినవి, కొలదివారములలో టిక్కెట్టు దొరకుట కష్టమయినది. ఆ దర్శకునిదే 1983 నాటి 'సాగరసంగమము'. ఆ చిత్రమున నాయకుడే పత్రికా విమర్శకుడు! తాను వేదిక నెక్కలేకపోయిన నర్తకుడు, త్రాగుడుకు లోబడి, పడుచు నర్తకిమీద కఠినమైన సమీక్ష వ్రాయును. అతడు వ్రాసినది నిజమే, అయినను ఆ నిజములో అతని సొంత గాయము కలిసియున్నది. విమర్శకుల లోపలి సంగతిని ఇంతకంటె చక్కగ చెప్పిన తెలుగు చిత్రము నేను జూడలేదు. ఆ నర్తకునిలోని విద్వత్తును అందఱికంటె ముందు గుర్తించిన కన్ను ఒక స్త్రీది, జయప్రద ధరించిన మాధవిది. ఆమె ప్రేక్షకురాలు మాత్రమే.

ఇక మా ప్రాంతపు కథ రెండుమారులు తెఱకెక్కిన ముచ్చట. 1988లో బి. నరసింగరావుగారు 'దాసి' తీసిరి. గడీలో దొరసానితోపాటు అరణముగ వచ్చిన ఆడబాప కథ. 1920 ప్రాంతముల తెలంగాణము. పాటలు లేవు, మాటలును తక్కువే. కమలాక్షిగ నటించిన అర్చనకు జాతీయ ఉత్తమనటి బహుమానము, చిత్రకారులు తోట వైకుంఠముగారికి కళాదర్శకత్వమునకు, ఇంకను ఛాయాగ్రహణమునకు, దుస్తులకు, ఉత్తమ తెలుగు చిత్రముగ మొత్తము అయిదు జాతీయ బహుమానములు వచ్చినవి. విమర్శకులు ఏకకంఠముతో మెచ్చిరి. హాళ్లలో చూచినవారు బహు కొద్దిమంది. మేము దూరదర్శనులోనే చూచితిమి. తొమ్మిదేండ్ల తరువాత, 1997లో, దాసరివారి 'ఒసేయ్ రాములమ్మ' వచ్చినది. అదియు దొర పాలిటబడిన పిల్ల కథయే. అయితే యిందు విజయశాంతి తుపాకి పట్టును, పాట పాడును, పగ తీర్చుకొనును. పట్టపగలే హాళ్లు నిండినవి. చదువుకొన్నవారు పెదవి విఱిచిరి: అరుపులు హెచ్చు, అతిశయోక్తి హెచ్చు అని.

ఈ రెండింటి విషయమున నా తీర్పు చెప్పుదును. విమర్శకులు దాసిని మెచ్చుట సరియైన పని. అట్టి చిత్రము మనకు మఱియొకటి రాలేదు. రాములమ్మలోని అతిశయోక్తిని పట్టుటయు సరియే. అయితే హనుమకొండలో నేను ఆ చిత్రము చూచిన నాడు, నా ముందు వరుసలో పొలము పనినుండి నేరుగ వచ్చినట్లున్న నలుగురు స్త్రీలు కూర్చుండిరి. దొర చచ్చు ఘట్టమున వారు చప్పట్లు కొట్టలేదు. ఒకతె లేచి నిలువబడినది, అంతే. చిత్రము ముగియువఱకు మరల కూర్చుండలేదు. వెనుకవారు కసరిరి. ఆమె వినలేదు. దాసిలో ఈ స్త్రీ యున్నది, రాములమ్మలో ఈ స్త్రీ కోరిక యున్నది. ఒకటి మాత్రమే నిజమని చెప్పుటకు నాకు నోరు రాదు.

దాసి చూచిన రాత్రి మా నాయనమ్మ చాలసేపు మాటలాడలేదు. నేను, ఆ పిల్ల నోరు విప్పదేమి, ఇది నడకలేని చిత్రమని గొణిగితిని. "గట్లనే ఉండేటోళ్లు బిడ్డా," అన్నది. "మాట్లాడితే గదా మనకు ఎరుకయ్యేది." మా యింటనే యొకప్పుడు ఆడబాప యుండినదని నాకు తెలిసినది ఆ రాత్రియే. దాసిని గుఱించి నేను చదివిన సమీక్ష లన్నిటిలోను ఆ మౌనమును దర్శకుని శిల్ప మనిరి.

పాత పత్రికలు నిలిచియున్నచో ఎంత మేలో చెప్పుటకు ఒక యుదాహరణము చాలును. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931లో విడుదలయినదని చిరకాలము పుస్తకములలో వ్రాయుచు వచ్చిరి. పరిశోధకులు రెంటాల జయదేవగారు ఆనాటి పత్రికలను, ప్రకటనలను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో మొదట చూపబడినదని తేల్చిరి. ఒక తేది సరిపడుటకు అంత శ్రమ. మా హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో వెలసినది. ఇట్టి గ్రంథాలయములలో పాత సంపుటములు చెదలపాలు గాకుండ కాచిన వారందఱికి మనము ఋణపడి యున్నాము. ఇండ్లలో మాత్రము మనమే వానికి శత్రువులము. పత్రిక చదివిన మరునాడు గూటిలో పఱచితిమి, బియ్యపు డబ్బాక్రింద వేసితిమి, మిగిలినవానిని తూకమునకు వేసితిమి. ఇప్పటి సమీక్షలకు ఆ గతియు లేదు. మొదటి ఆట ముగియకముందే చేతిఫోనులో అయిదింటికి ఇన్ని నక్షత్రములని వచ్చును, మరునాటికి క్రిందికి జాఱిపోవును.

పోయిన యేడు మా పాత యిల్లు విప్పించితిమి. వంటయింటి గోడగూటిలో, ఊరగాయ జాడీలుండిన చోట, పొరలు పొరలుగ కాగితములు అంటుకొని యుండినవి. పైపొరలు ఇటీవలివి. అడుగున పసుపును నూనెయు పీల్చిన యొక పుట సగము నిలిచి యున్నది. చిత్రసమీక్ష. పైభాగమును చెద తినివేసినది. చిత్రము పేరు లేదు, నటుల పేర్లు లేవు, తేది లేదు. ద్వితీయార్ధమున కత్తిరింపు వేసిన బాగుండునని యున్నది. దాని క్రింద సకుటుంబముగ చూడదగినది యను మాట చెక్కుచెదరక నిలిచియున్నది. మా అత్తమ్మ, అమ్మ, నేను ఆ కాగితమును వెలుతురులో పట్టుకొని అది యే చిత్రమో యని వాదులాడితిమి. అత్తమ్మ లవకుశ కాదు పొమ్మన్నది, లవకుశకు కాగిత మక్కఱలేదు గదా. అమ్మ తోడికోడళ్లనినది. నేను ఇంకను వెదకుచున్నాను.